లయి పూసిన బొంత

ఆ రోజుల్లో ఎల్లారెడ్డిలో మా మేనత్త ఉండే వాడకు వచ్చి, క్షణం తీరిక లేని మనిషి ఎవరని అడిగితే, ఏ పనీ లేని నన్నే చూపించేవారు. నిలబడితే కూర్చోవాలనిపించేది, కూర్చుంటే లేవాలనిపించేది. అన్నం తింటూ కూడా ఒకసారి గుమ్మం దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఎనభైల మొదట్లో మాట ఇది, నాకింకా ఇరవై నిండలేదు. అంతకుముందు ఆరు నెలలు మాచారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డి వెళ్లి మిషన్ కుట్టు నేర్చుకున్నాను. తొక్కితే చాలు బర్రున ఉరికే మిషన్ నాకు ప్రాణం (అది ఉరుకుతుంటే నేను కూర్చున్నట్టే ఉండేది కాదు). సర్టిఫికెట్ చూసి మా బాపు మురిసిపోతాడనుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉరుకుడు వచ్చింది, ఇగ కూసునుడు నేర్సుకో" అని, నన్ను తెచ్చి మేనత్త దగ్గర వదిలి వెళ్లాడు.

మా మేనత్త బొంతలు కుట్టేది. పాత చీరలు, లుంగీలు నాలుగైదు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కల అతుకు వేసి, సన్నని కుట్టుతో అన్నిటినీ ఒక్కటి చేసేది. ఆమె సామానంతా ఒక పాలపొడి డబ్బాలో పట్టేది. చిన్నా పెద్దా సూదులు, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, దారానికి రుద్దే మైనం ముక్క, గీతలకు సుద్ద, కింద పడ్డ సూదులు ఏరడానికి పాడైన రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం. నాకు ఆ అయస్కాంతం ఒక్కటే నచ్చింది. మిగతాదంతా ఓపికతో పని. అన్నిటికన్నా టాకాలంటే నాకు ఒళ్లు మంట. అసలు కుట్టు వేసేటప్పుడు పొరలు జరగకుండా ముందుగా వేసే పొడుగాటి పచ్చికుట్లను మా వైపు టాకాలంటారు. నేల మీద మోకాళ్లతో పాకుతూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా వరసలు వరసలుగా వెయ్యాలి. బొంత పూర్తికాగానే వాటిని పీకి పారెయ్యాలి.

"పీకి పారేసేదానికి ఇంత తిప్పలెందుకత్తా?" అని అడిగాను.

"పొరలు జరుగుతయి పిల్లా."

"జరిగితే ఏమైతది?"

"నీ లెక్క అయితది" అంది, తలెత్తకుండానే.

పక్కింట్లో ఒక ముస్లిమావిడ ఉండేది, వాడంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. ఆమె కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, ఆడపిల్లను కని, ఆ శుక్రవారం బీర్కూర్‌లో అత్తగారింటికి బయలుదేరబోతోంది. పసిపాపకు బొంత కావాలని ఖాలా ఒక పచ్చని నూలుచీర తెచ్చింది. ఎన్నేళ్లు ఉతికినదో, చేతిలో పట్టుకుంటే వెన్నలా జారిపోతోంది. "మా అమ్మీది అక్కా. నా బిడ్డ పుట్టకముందే పోయింది. గీ కొంగు పాప తల దిక్కు రావాలె" అని, దాన్ని ఒకసారి ముక్కుకు ఆనించుకుని మా అత్త చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే మా అత్తకు రామారెడ్డిలో చుట్టాలింటి పని తగిలింది. ఆదివారం పొద్దున పొరలన్నీ పరిచి, పచ్చచీరను అడుగున వేసి, "రెండు దినాలు టాకాలు ఎయ్యి, చాలు. నీ అకల్, నీ తెలివి ఏం జోడించకు" అని చెప్పి బస్సెక్కింది.

నేను నాలుగు వరసలు వేశాను. ఐదో వరస మధ్యలో మోకాళ్లు నొప్పెట్టి లేచి నిలబడ్డాను. (నా జీవితంలో అనర్థాలన్నీ నేను లేచి నిలబడ్డప్పుడే మొదలయ్యాయి.) కామారెడ్డి బస్టాండు గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మనుషులు గుర్తొచ్చారు. బక్కెట్టులో మైదాపిండి ఉడికించిన లయి, ఒక కుంచె, అంతే. మనిషి కన్నా పెద్ద పోస్టరు రెండు నిమిషాల్లో గోడకు అతుక్కుపోయేది. గోడకు కాగితం అంటుకున్నప్పుడు గుడ్డకు గుడ్డ ఎందుకంటుకోదు? ఇంట్లో మైదా ఉంది, పొయ్యి ఉంది, సున్నం వేసే కుంచె ఉంది. మధ్యాహ్నానికల్లా వేసిన టాకాలు పీకేసి, పొర పొరకూ లయి పూసి, చేత్తో సాపు చేసి, బొంతను వాకిట్లో నులకమంచం మీద ఎండకు వేశాను. రెండు రోజుల పని రెండు గంటల్లో! ఇక అది ఆరేదాకా పక్కన కూర్చుని కాపలా కాస్తే చాలు. కానీ కూర్చోవడమే కదా నాకు రానిది. బజారు దాకా ఊరికే ఒక చుట్టు తిరిగి వచ్చాను.

వచ్చేసరికి ఖాలా బక్రీదుకని పెంచుతున్న మేక మంచం మీద ముందుకాళ్లు ఆనించి, కళ్లు సగం మూసుకుని, తీరిగ్గా నములుతోంది. దాని నోట్లోంచి పచ్చకొంగు వేలాడుతోంది. పోస్టర్లను మేకలు ఎందుకు తింటాయో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఒక కొస పట్టుకుని గుంజాను. మేక ఇంకో కొస వదల్లేదు. ఆ గొడవకు ఖాలా బయటికి వచ్చింది.

"ఏందే నములుతున్నది అది?"

"బొంత."

"ఎవ్వల్ది?"

"నీదే ఖాలా."

"మరి మేకెవ్వల్ది?"

"అది గూడ నీదే."

ఖాలా నవ్వుతుందనుకున్నాను. ఆమె మేకను కట్టేసి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, నానిపోయి పీలికలైన కొంగును అరచేతిలో పరుచుకుంది. తిట్టినా బాగుండేది. ఆమె లోపలికి వెళ్లాక నేను బొంతను కుట్టబోతే రెండు సూదులు విరిగాయి, మూడోది వంగింది. వేలితో కొడితే బొంత తలుపులా టకటకమంది. మర్నాడు మాచారెడ్డి పారిపోదామని సంచి కూడా సర్దాను. కానీ ఖాలా వాకిలి దాటకుండా బస్టాండుకు దారి లేదు.

మంగళవారం మా అత్త వచ్చింది. బొంతను తట్టింది, వాసన చూసింది.

"మైదానా?"

"ఊఁ."

"ఉప్పేసినవా?"

"లేదత్తా."

"మరి మేకకెట్ల రుచైంది?" అంది. అంతే, నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. అత్త మాత్రం నవ్వకుండా పెద్ద గంగాళంలో నీళ్లు పోయించి బొంతను ముంచింది. "పంచరేసే బంక పూసుంటే గింతే సంగతి. లయి గాబట్టి నీళ్లల్ల కరిగిపోతది" అని పిసుకుతూ, నా వైపు చూడకుండానే అంది, "ఉపాయం మంచిదే. అక్కడక్కడ సుక్కలు పెడితే సరిపోతుండె. నువ్వు గోడకు సున్నమేసినట్టు ఏసినవ్."

కొంగులో మేక మిగిల్చింది అరచేతి వెడల్పు ముక్క, అంచు మీద రెండు పూలు. అత్త పీలికలు కత్తిరించి, అడుగు పొరలో పడ్డ ఖాళీకి నా నీలం ఓణీలోంచి ముక్క వేసింది (అడగలేదు, నేనూ కాదనలేదు). ఆ పూలముక్క తీసుకుని ఖాలా దగ్గరికి నన్నే పంపింది. నేను ముందే నేర్చుకున్న క్షమాపణ మొత్తం మరిచిపోయి, "ఖాలా, ఇదొక్కటే మిగిలింది" అన్నాను. ఆమె ఆ రెండు పూలను బొటనవేలితో సాపు చేసింది. తర్వాత, "దీన్ని మీదికెల్లి కుట్టుండ్రి, తల కాడ. అడుగున ఉంటే ఎవ్వలకు కనవడ్తుండె? గిట్లయితే పాపకు కనవడ్తది" అని, చెప్పులు తొడుక్కుని నాతోపాటే మా ఇంటికి వచ్చింది.

బుధవారం, గురువారం ముగ్గురం మూడు వైపుల నుంచి కుట్టాం. మొదట టాకాలు, తర్వాత సన్నకుట్టు. ఆ రెండు రోజులూ నేను లేవలేదు. ఒకసారి లేవబోతే ఖాలా నా కొంగు పట్టుకుని, "కూసో బేటీ, మేకలు తిరుగుతున్నయి" అంది. శుక్రవారం పొద్దున్నే బొంతలో చుట్టుకుని పాప బీర్కూర్ బస్సెక్కింది. కిటికీలోంచి పచ్చముక్క ఒక్కసారి కనిపించి మలుపు తిరిగింది.

మొన్నామధ్య కామారెడ్డిలో ఒక కుట్టుసామాన్ల దుకాణానికి వెళ్లాను. గుడ్డను పిజ్జాలా కోసే చక్రపు కత్తి, దారి తప్పకుండా గళ్లు గీసిన చాప, పొరల్ని పట్టి ఉంచే వంకర పిన్నీసులు, ఒకటా రెండా! దుకాణంలో అమ్మాయి ఒక ట్యూబు తీసి, "ఆంటీ, ఇది కొత్తగ వచ్చింది. బొంత పొరలకు సుక్కలు సుక్కలు పెట్టాలె, కుట్టినంక ఉతికితే పోతది. టాకాల తిప్పలే ఉండది" అని ఓపికగా వివరించింది. నేను మొదటిసారి వింటున్నట్టే తలూపి కొన్నాను. నిజంగానే బాగా పనిచేసింది. రెండు రోజుల పని మధ్యాహ్నానికి అయిపోయింది. చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడి, మిగిలిన పొద్దంతా ఏం చెయ్యాలో తోచక వీధి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ ఇరవై నిండని పిల్ల అంత ఆదరాబాదరాగా ఎక్కడికి పోవాలనుకుందో, ఇప్పుడు అడిగితే నాకూ తెలియదు. నవ్వొచ్చింది. లోపలికి వచ్చి, మళ్లీ కూర్చున్నాను.