ఒక్క ముడి కూడా వదల్లేదు

నా మంచితనం వల్ల ఒకసారి ఏడుగురు ఆడవాళ్లు పట్టపగలు చేతులు పైకెత్తి, దించే వీలు లేక, మా టైలర్ షాపులో నిలబడిపోయారు. ఆ ఘోరం మీకు చెప్పి తీరాలి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా బూర్గంపాడు మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మనిషిగా ఎదగడం ఎలాగో ఫోన్లో ఒకాయన రోజూ చెప్పేవాడు. అయిదింటికి లేవాలట, చన్నీళ్లు పోసుకోవాలట, రోజుకొక మేలు చేయాలట. చేసిన మేలు మాత్రం ఎవరికీ చెప్పకూడదట, చెబితే ఫలం పోతుందట. అయిదింటికి లేవడం రెండో రోజుకే అటకెక్కింది. చన్నీళ్లు మొదటి చెంబుకే సరి. ఇక మిగిలింది మేలు, అదైతే కూర్చున్న చోటే చేయొచ్చు కదా! మా అమ్మీని కూడా వదల్లేదు. "చెయ్యాలె, చెప్పొద్దు" అంటూ ఆమె చెవిలో రోజూ ఊదేవాణ్ణి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

షాపులో కుట్టు నాది, కటింగ్ మా అబ్బాది, అంటే మా నాన్నది. తాతనాటి పెద్ద కత్తెరను అబ్బా నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. అది చేతికొస్తేనే జానీ మాస్టరు. రాకపోతే గడ్డం నెరిసినా జానీగాడే. నాకు రాత్రి కలలోకి కూడా ఆ కత్తెరే వచ్చేది.

ఒక రోజు నేను చాయ్ తాగి వచ్చేసరికి అబ్బా ఒక సంచి చూపించాడు.

"అరే జానీ, చర్ల దిక్కు నుంచి మన పాత గిరాకి ముత్తమ్మ వచ్చిపోయింది. ఆదివారం భద్రాచలంల స్టేజి మీద వాళ్లు ఏడుగురు ఆడుతరంట. ఈ ఏడు జాకెట్లు నువ్వే కోసి కుట్టు. సక్కగ అమిరినయనుకో, కత్తెర నీ చేతికిస్త. సంచిల అన్ని ఉన్నయ్. అనుమానముంటే అడుగు."

అడగడమా? నేనా?

సంచిలో ఎర్ర బట్ట, ఏడు ఆది జాకెట్లు ఉన్నాయి. ఆది జాకెట్టంటే తెలుసుగా, కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. అన్నీ దుమ్ము కొట్టుకుపోయి, హుక్కులు ఊడిపోయి ఉన్నాయి. పైగా ఒక్కోదాని చేతికి ఒక మాసిన దారం, దానికి ముడులు. ఒకదానికి ఒకటి, ఒకదానికి మూడు, ముత్తమ్మ పెద్దమ్మ జాకెట్టుకైతే ఏకంగా నాలుగు!

'పాపం, దారాలు ఎట్ల చిక్కుపడ్డయో' అనుకున్నాను. ఆనాటి మేలు దొరికేసింది. అబ్బా చూడకుండా అన్నీ ఉతికాను, హుక్కులు కుట్టాను, దారాలన్నీ విప్పి పారేశాను, ఇస్త్రీ కూడా చేశాను. కొత్త పెళ్లికూతుళ్లలా మెరిసిపోయాయి.

సాయంత్రం అబ్బా అడిగాడు. "ముడులు చూసినవా?"

అరె, కనిపెట్టేశాడే! సిగ్గుపడుతూ తల వంచుకున్నాను. "చూసిన అబ్బా. ఒక్కటి గూడ వదల్లే."

"శభాష్" అన్నాడు. ఆ శభాష్‌కి నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

శనివారం మధ్యాహ్నం ఏడుగురూ వచ్చారు. తెర వెనక్కి వెళ్లి జాకెట్లు తొడుక్కుని, ఆటలో ఎత్తినట్టు చేతులెత్తి చూసుకున్నారు. ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. అలాగే ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు.

"పెద్దమ్మా, చేతులు దించు" అన్నాను.

"ఎట్ల దించాలె బిడ్డా? దించితే నీ కుట్లు పోతయ్, పోకుంటే నా పానం పోతది! నేనేసిన ముడులు ఏమైనయ్?"

"ఏ ముడులు?"

"దారాలకు ఏసినయ్! ఆ ఆది జాకెట్లు ఎప్పటియో, ఆనాటికంటే మేమందరం ఒళ్లు చేసినం. ఒక్క ముడికి ఒక్క వేలు వదులు పెట్టాలె. మీ అయ్యకు చెప్పిపోతినిగా!"

అబ్బా నా వైపు తిరిగాడు. "ఒక్కటి గూడ వదల్లే అంటివి?"

"అవ్ అబ్బా. అన్ని విప్పిన."

అబ్బా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన తిట్టి ఉంటేనే నాకు బాగుండేది. కత్తెర సంగతి దేవుడెరుగు, తెల్లారితే వీళ్లు స్టేజి ఎక్కాలి. భయంతో నాకు ఏడుపొచ్చేసింది.

"కుట్ల లోపల మడతల ఎక్కువ బట్ట ఇడిసినవా?" అన్నాడు అబ్బా.

"నువ్వు చెప్పినంత ఇడిసిన."

"అదొక్కటి దక్కింది. కూసో!"

ఏడుగురూ తలా ఒక సూది పట్టుకుని నా కుట్లు విప్పుతూ, విప్పిన ప్రతి కుట్టుకీ నన్నొక మాట అంటూ, పగలబడి నవ్వుతూ కూర్చున్నారు. ముత్తమ్మ పెద్దమ్మ వేళ్లతో కొలిచి చెబుతుంటే అబ్బా వదులు చేసి కుట్టాడు. సాయంత్రం బస్సుకి అన్నీ అందాయి.

బయల్దేరే ముందు పెద్దమ్మ ఒక ఎర్ర దారం తీసి, నా చొక్కా గుండీకి కట్టి, ఒక ముడి వేసింది.

"అడగకుండ ఎవ్వలికి మేలు చెయ్యకు బిడ్డా. యాదికుంటది."

అబ్బాకి అది తెగ నచ్చేసింది. "ఆ ముడి శుక్రవారం దాక అట్లనే ఉంటే కత్తెర నీదే. ఒక్క ముడి కాపాడలేనోడు ఏం మాస్టరు?"

ఆదివారం వాళ్ల ఆట చూశాను. అందరూ కాళ్లు చూస్తే నేను చేతులే చూశాను. హాయిగా లేచాయి, హాయిగా దిగాయి. నా గుండె కుదుటపడింది.

ఇక ఆ చొక్కాని కళ్లలో పెట్టుకుని కాపాడాను. ఎక్కడ ఊడుతుందోనని తొడుక్కోలేదు కూడా. గోడ కొయ్యకి తగిలించి, రోజూ వెళ్లి ముడి చూసుకుని వచ్చేవాణ్ణి. శుక్రవారం పొద్దున వెళ్లి చూద్దును కదా, చొక్కా తెల్లగా, మడత నలగకుండా, ఇస్త్రీ చేసి ఉంది. దారం లేదు!

"అమ్మీ!" అని అరిచాను.

వంటింట్లోంచి అమ్మీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. అబ్బా వినకుండా నా చెవిలో అంది: "నీ అంగీకి ఏదో పాడు దారం చుట్టుకున్నది బేటా. నేనే తీసేసిన. ఎవ్వలికి చెప్పకు, ఫలం పోతది."

కత్తెర ఇంకో ఏడాదికి గానీ నా చేతికి రాలేదు. ఇప్పుడు ఆ కత్తెర మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో అడగకుండా ఎవరికీ మేలు చేయను. మీరు నా షాపు ముందే జారి బురదలో పడ్డా సరే, "లేపమంటారా?" అని ముందు అడుగుతాను. అవునంటేనే చెయ్యందిస్తాను. మీ ఒంటి మీద ఎక్కడైనా దారం వేలాడుతుంటే మాత్రం, అసలు అటు చూడను కూడా చూడను.