గోడలో రెండు సందులు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. ఒక శనివారం పొద్దున నేను తులసికోట దగ్గర దీపం పెడుతుంటే, పాలు పోసే ఆమె గిన్నె అందుకోకుండా నిలబడిపోయింది. "మాస్టారు ఎల్లిపోనారు కదమ్మా. తెల్లారగట్టంట" అంది. నేను దీపం పెట్టడం పూర్తి చేశాను. ఆ తరవాత ఏం చేయాలో తోచలేదు.

ఆయన నాకు చదువు చెప్పలేదు. నేను పదో తరగతి పాసై బడి వదిలిన చాలా ఏళ్లకు నర్సీపట్నం వచ్చి, మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. హైస్కూల్లో పిల్లల్ని ఆడించేవారు. ఊళ్లో చాలామందికి ఆయన ఈల గుర్తుంటుంది. నాకు గోడ గుర్తుంటుంది.

మా వీధి వెనక ఖాళీ స్థలం సగం హైస్కూలుది, సగం పంచాయతీది. మధ్యలో ఏ అడ్డూ లేని రోజుల్లో మాస్టారు రెండింటి మీదుగా పెద్ద గుండ్రంగా సున్నంతో పరుగు గీత గీశారు. తొంభైల్లో సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతాక, ఎవరి స్థలం వాళ్లకుండాలని బడివాళ్లూ పంచాయతీవాళ్లూ గోడ లేపడానికి సిద్ధమయ్యారు. గీత సరిగ్గా నడిమికి తెగిపోతుంది. మాస్టారు హెడ్మాస్టారినీ పంచాయతీ ప్రెసిడెంటునీ అక్కడికే రప్పించారు. మేం ఆడవాళ్లం పెరటి గోడల మీదుగా చూస్తున్నాం.

"గోడ కట్టుకోండి బాబూ, నేనొద్దన్నానా? గీత ఎల్లే రెండు సోట్లా సందులొదిలీయండి, సాలు."

"సందులెందుకండీ మాస్టారూ, మేకలు దూరడానికా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆ మేకలు మీవే కదండీ. బడి గడ్డి మేసి మీకే పాలిస్తాయి."

హెడ్మాస్టారు కూడా నవ్వేశారు. ఆ నవ్వులోనే మాట కుదిరింది. పొద్దున పంచాయతీ సగంలో బడి పిల్లలు ఆడుకోవచ్చు. సాయంత్రం బడి సగంలో ఊరివాళ్లు నడవచ్చు. నడిచేవాళ్లున్నంత కాలం సందులుంటాయి. ఎవరూ నడవని నాడు ఇటుకలు పెట్టి మూసేస్తారు. కాగితమేమీ రాసుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఆయన పోయారు. ఏడాది గడిచినా నేను గుడికి తప్ప గడప దాటలేదు. ఒక సాయంత్రం మాస్టారి భార్య వచ్చింది. "నడిసే మనుసులు సాలటం లేదంటమ్మా. సందులు మూసేస్తారని ఈయన బెంగెట్టుకున్నారు. నువ్వొస్తే ఒకరు కలుస్తారంట. బేగి రా" అంది.

కాదనలేకపోయాను. మాస్టారు సందు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "గుడి సుట్టూ తిరుగుతారు కదమ్మా, అలాగే అనుకోండి. కాకపోతే ఇక్కడ దేవుడు మధ్యలో కూసోడు, పక్కన నడుస్తాడు" అన్నారు. నేను రామనామం చెప్పుకుంటూ తిరిగాను. అప్పటికే ఇరవై మంది దాకా తిరుగుతున్నారు. మరి మనుషులు చాలకపోవడమేమిటని నాకు తోచనే లేదు. ఆ ఏడాది సందులు మూసే ఊసే ఎవరూ ఎత్తలేదని చాలా కాలానికి తెలిసింది.

ఒకసారి బడి ఆటల పోటీల ముందు ఆయనకు నడుం పట్టేసింది. సున్నం డబ్బా నాకిచ్చారు. అడుగున మేకుతో చిల్లులు కొట్టిన పాత నూనె డబ్బా అది. "ముగ్గేసే సెయ్యి కదమ్మా, గీతెంత?" అన్నారు. గీత బాగానే వచ్చింది. సందు దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలా కనిపించి, అలవాటు కొద్దీ రెండు వేళ్లతో పద్మం వేసేశాను. పందెంలో ముందున్న పిల్లాడు దాన్ని చూసి ఠక్కున ఆగిపోయాడు. వెనకవాళ్లు వాడి మీద పడ్డారు. "పద్మం తొక్కకూడదండీ" అన్నాడు వాడు భయంగా.

"అమ్మా, పందెం పెట్టమంటే పేరంటం పెట్టీసేరేటి!" మాస్టారు నడుం పట్టుకుని నవ్వారు. పద్మాన్ని చెరపనివ్వలేదు. దాని మీంచి దూకమని పందెం మళ్లీ పెట్టించారు. పేరంటం అనే మాట నాతో ఎవరైనా అని అప్పటికి చాలా కాలమైంది.

తరవాత నిజంగానే మనుషులు తగ్గారు. అది టీవీ సీరియళ్ల వేళ. కొందరికి మోకాళ్లు పట్టేశాయి. చివరికి మాస్టారూ నేనూ మిగిలాం. ఈ వేసవి నుంచి ఆయనా మంచం మీదే.

కర్మకాండ అయ్యాక ఆయన భార్య ఆ సున్నం డబ్బా తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

పోయిన వారం సందు పక్కన ఇటుకలు దిగాయి. తాపీ పట్టుకుని మేస్త్రి అడిగాడు. "ఇక్కడ ఎవలూ తిరగట్లేదంట కదమ్మా?"

"నేను తిరుగుతున్నాను."

"మీరొక్కరేనేటి?"

నా గొంతు ఎప్పుడూ చిన్నదే. "ఒక్కరైనా తిరిగినట్టే నాయనా" అన్నాను. అతను తాపీ సంచిలో వేసుకున్నాడు. "సరే, రేపొచ్చి సూత్తాను" అన్నాడు. అప్పటినుంచీ రోజూ వచ్చి, దూరం నుంచే చూసి వెళ్తున్నాడు.

నేను ఎండ తగ్గగానే వెళ్లి గీత గీస్తాను. ఒక సందులోంచి పంచాయతీ సగంలోకి వెళ్లి, రెండో సందులోంచి బడి సగంలోకి వస్తాను. స్టూలు అక్కడే ఉంది. నిన్న దాని ముందు పద్మం వేశాను. మసక పడే వేళకు చూస్తే ఒక్క రేకైనా చెదరలేదు. దాని పక్కనుంచి వెళ్లిన అడుగులు ఒక్క జతవే, నావే, గీత పొడవునా, ఒకదాని మీద ఒకటి.