అల్లం మరిచిన గారెలు

నా చిన్నప్పుడు మా తాతయ్య తద్దినం నాడు కాకి ఎంతసేపటికీ పిండం ముట్టలేదు. మా అమ్మ గారెల్లో అల్లం మర్చిపోవడం వల్లే అలా జరిగిందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో అమ్మ ఇప్పుడు లేదు.

అప్పట్లో మేం ఢిల్లీలో, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో పై అంతస్తులో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. చలికాలం రాగానే, రాత్రి మిగిలిన అన్నం, చపాతీ ముక్కలు పొద్దున్నే మేడ మీద పిట్టగోడ పక్కన పెట్టడం నా పని. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్న పని. మంచులో ముడుచుకుని కూర్చున్న కాకులు, గోరింకలు నా అడుగుల చప్పుడు వినగానే కదిలేవి. బళ్ళో నన్ను ఎవరూ ఆటకి పిలిచేవాళ్ళు కాదు. ఇక్కడ నా కోసం కాచుకుని ఉండేవాళ్ళున్నారని నాకు గర్వంగా ఉండేది.

తాతయ్య తద్దినం జనవరిలో వచ్చేది. ఆ ఏడు ముందురోజు సాయంత్రం నాన్నమ్మ నన్ను పిలిచి, "రేపు మాత్రం వాటికేమీ వెయ్యకురా నాన్నా. మీ తాతయ్య కాకిలా వస్తారు. ఆయన ముట్టాకే మనం తినాలి" అని చెప్పింది. సరేనన్నాను.

మర్నాడు వంటింట్లో అంతా మడి, నన్ను గడప తొక్కనివ్వలేదు. రాత్రి మిగిలిన పప్పన్నం, చపాతీలు అమ్మ ఒక గిన్నెలో వేసి బయట మెట్ల మీద పెట్టించింది. పదకొండు గంటలకి మంచు విడింది. మేడ మీద కాకుల అరుపులు వినపడ్డాయి. నన్నే పిలుస్తున్నాయనిపించింది. కొంచెం పెట్టి వచ్చేద్దామని గిన్నె తీసుకుని వెళ్ళాను. అవి ఆత్రంగా తింటుంటే చేతులు ఆగలేదు. గిన్నె మొత్తం బోర్లించేశాను.

ఒంటిగంటకి నాన్న తడిపంచెతో వచ్చి, పిండం, గారెలు గోడ మీద పెట్టి చేతులు జోడించారు. కాకులు ఎదురుగా వేపచెట్టు మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. తీరిగ్గా ముక్కులు కొమ్మకేసి తుడుచుకుంటున్నాయి. అరగంట గడిచింది, గంట గడిచింది. పురోహితుడు గారు వాచీ చూసుకుంటూ, "నాకు లక్ష్మీ నగర్‌లో ఇంకో ఇంట్లో తద్దినం ఉందండీ. అక్కడి కాకులైనా ఆకలి మీదున్నాయో లేదో" అన్నారు. ఎవరూ నవ్వలేదు. పోనీ ఆవుకి పెట్టెయ్యండి, శాస్త్రం ఒప్పుకుంటుంది అని కూడా అన్నారాయన. నాన్నమ్మ ఒప్పుకోలేదు. ఆయన రానిదే మంచినీళ్ళు కూడా ముట్టనంది.

నాన్నమ్మకి షుగరు. పొద్దున మాత్ర వేసుకుంది గానీ కడుపులో ఏమీ పడలేదు. మెట్ల పైన స్టూలు మీద కూర్చుని, "నా మీదే కోపం. చివరి రోజుల్లో విసుక్కున్నాను కదూ, అందుకే రావట్లేదు" అని తనలో తను గొణుక్కుంటోంది. అంత చలిలోనూ ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. క్రితం ఏడాది సరిగ్గా ఇలాగే చెమటలు పట్టి, నా కళ్ళముందే కుప్పకూలిపోయింది. ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆ రోజు డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

నేను నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాను. నాన్నమ్మ చచ్చిపోతుంది, చంపేది నేనే అనుకున్నాను. చెట్టు మీద ఏ కాకి తల తిప్పినా అది తాతయ్యే, నన్నే చూస్తున్నారు అనిపించింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అంతలో అమ్మ పైకి వచ్చింది. చెట్టు వైపు చూసింది. తర్వాత గోడ మూలకి చూసింది. అక్కడ నాలుగు పచ్చటి పప్పు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆ తర్వాత ట్యాంకు వెనక నన్ను చూసింది. అయిపోయింది అనుకున్నాను. అమ్మ వంగి, మడిచీర కొంగుతో ఆ మెతుకులు తుడిచేసి, నాన్నమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, తప్పు నాదే. గారెల్లో అల్లం మర్చిపోయాను. అల్లం లేనిదే మామయ్యగారికి గారె దిగదని మీరెన్నిసార్లు చెప్పారో!"

నాన్నమ్మ తలెత్తింది. "పదేళ్ళ నుంచి చేస్తున్నావు, ఆ మాత్రం గుర్తులేదుటే? నీ మతి మండా!"

"ఆయన కోపం మీ మీద కాదు, నా మీద. మళ్ళీ వేయించి తెస్తాను. మీరు ఈలోగా కాసిని బెల్లం నీళ్ళు తాగండి."

నీళ్ళకి దోషం లేదని పురోహితుడు గారు కూడా అందుకున్నారు. మొగుడి కోపం తన మీద కాదని తెలిసిన నాన్నమ్మ అమ్మని తిడుతూనే గ్లాసు ఖాళీ చేసింది. కాసేపటికి చెమట ఆరింది, తిట్లలో బలం వచ్చింది. ఆ తిట్లు వింటుంటే నాకు ఊపిరి ఆడింది.

గారెలు వేయించడానికి అమ్మ ఆ రోజు చాలాసేపు తీసుకుంది. కాకులకి మళ్ళీ ఆకలి వెయ్యాలి కదా అన్నది నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. కొత్త గారెలు పెట్టాక, మూడున్నరకి ఒక కాకి దిగి, గారె ముక్క నోట కరుచుకుని పోయింది. నాన్నమ్మ ఏడ్చేసింది.

భోజనాల దగ్గర, అమ్మ ఎవరికీ వడ్డించకుండా పక్కన పెట్టేసిన ముందటి గారెల్లోంచి ఒకటి తీసుకుని తిన్నాను, తరవాత వేయించినవీ తిన్నాను. రెండింట్లోనూ పంటికింద అల్లం ముక్కలు తగిలాయి. తలెత్తి అమ్మని చూశాను. "చల్లారిపోతాయి, తిను" అంది. అంతే. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. మర్నాటి నుంచి నేను భయంతో మేడెక్కడం మానేస్తే, ఆ చలికాలమంతా మిగిలిన అన్నం తనే తీసుకెళ్ళి పిట్టలకి పెట్టింది.

ఆ తర్వాత నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి తద్దినానికీ, వచ్చినవాళ్ళందరి ముందూ, "అల్లం వేశావుటే?" అని అడిగేది. "వేశానండీ" అనేది అమ్మ. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. మొదట్లో భయం వల్ల, తర్వాత అలవాటు వల్ల.

పోయిన నెల వసంత్ కుంజ్‌లో మా ఇంట్లో అమ్మ మొదటి ఏడాది తద్దినం జరిగింది. మా పిన్ని, పిల్లలకి గారెలు వడ్డిస్తూ ఆ కథే మళ్ళీ చెప్పింది. మా అబ్బాయి నా వైపు తిరిగి, "సచ్చీ, నాన్నా? నిజంగా దాదీ అల్లం మర్చిపోయిందా?" అని వాళ్ళ నాన్నమ్మ గురించి అడిగాడు. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, తల ఊపాను. ఆ తల ఊపినందుకే ఇది రాస్తున్నాను. ముందు మా అబ్బాయి చదవాలి, తర్వాత పిన్ని. అమ్మ ఏదీ మర్చిపోలేదు.

చిన్నప్పటి ఆ గారెల రోజు నుంచి నాలో ఒక అలవాటు ఉండిపోయింది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా అడక్కముందే "తప్పు నాదే" అంటే నేను వాళ్ళ మొహం చూడను. గదిలో ఇంకెవరు నోరు మెదపకుండా నిలబడ్డారో వెతుకుతాను. దొరికితే కోప్పడను. వాళ్ళ గొంతులో ఏం అడ్డుపడిందో నాకు తెలుసు. మెల్లగా పక్కకెళ్ళి నిలబడి, "నీ తప్పు తన మీద వేసుకున్న ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నారు, చెప్పెయ్" అంటాను.