పెట్టె మూత మీది వ్యాసం

1984 మార్చిలో నన్ను బైండింగ్ నుంచి కంపోజింగ్ గదికి మార్చారు. గుంటూరులో అది పద్నాలుగు మంది పనిచేసే ప్రెస్సు. మా ఆయన అక్కడ కంపోజిటరు. ఆయన పోయిన మూడో నెలలో నన్ను కాగితాలు మడిచే పనికి తీసుకున్నారు. అంతకుముందు మిరప కల్లాల్లో తొడిమలు తీసేదాన్ని. ఈ బొంగురు గొంతు అక్కడిదే. కొత్త గదిలో నాకిచ్చిన పని డిస్ట్రిబ్యూషన్. అచ్చయిపోయిన సీసపు అక్షరాలను విప్పి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గడిలో తిరిగి వేయాలి. ఆ గదిలో అన్నిటికంటే కింది పని అదే. రెండో తరగతి దాటని నాకు అక్షరాలు పట్టుబడింది ఆ సీసం మీదే, అదీ తిరగేసి. కాగితం మీద చూపిస్తే ఇప్పటికీ తడుముకుంటాను.

ఆ ఏడాది మా ప్రెస్సుకు వచ్చిన పెద్ద పని, ఒక పేరున్న నవలాకారుడు పత్రికల్లో రాసిన వ్యాసాలన్నీ కలిపి ఒక పుస్తకం చేయడం. ఆయన్ని అందరం మేస్టారనే వాళ్లం. చూపు మందగించినా రోజూ రిక్షాలో వచ్చి ప్రూఫులు చదివించుకునేవారు. మా ఫోర్‌మన్ కోటయ్యగారు ఒకసారి, “నవలలుండగా ఈ పేపరు ముక్కలెందుకు మేస్టారూ?” అని అడిగారు. “నవలల్లోవాళ్లు నేను పుట్టించినవాళ్లు కోటయ్యా. వీళ్లు నాతో మాట్లాడినవాళ్లు” అన్నారాయన.

తప్పు నాది. ఎలా జరిగిందో చెబుతాను. కూర్చిన వరసలను గ్యాలీ అనే పొడుగాటి ఇనుప పళ్లెంలో పెట్టి తాడుతో కడతారు. ప్రూఫు తీశాక సిరా ఎండిపోకుండా కిరసనాయిలుతో కడుగుతారు. పూర్తిగా అచ్చయిపోయినవాటినీ అలాగే కడుగుతారు. తేడా ఒక్కటే. అచ్చయినవాటి మీద మిషన్‌మన్ సుద్దతో గీత పెట్టాలి. ఆ వారం పెళ్లి శుభలేఖల తొందరలో అతను దేనిమీదా గీత పెట్టడం లేదు. కడిగి, తాడు కట్టి ఉన్న మూడు గ్యాలీలు చూసి అచ్చయినవే అనుకున్నాను. పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి విప్పేశాను. విప్పిన దాని కాపీని, అంటే చూసి కూర్చిన అసలు కాగితాన్ని, ప్రూఫులను మేకు మీదనుంచి తీసి చిత్తుకాగితాల్లో వేయడం కూడా విప్పినవాళ్ల పనే. వేశాను. సాయంత్రం బజ్జీల బండివాడు వచ్చి ఎత్తుకుపోయాడు.

మర్నాడు కోటయ్యగారు పేజీలు కట్టబోతే మేస్టారి వ్యాసం ఒకటి లేదు.

“మొహాన కళ్లు ఉన్నాయా లేవా నీకు? గీత లేనిదాన్ని ఎవడు విప్పమన్నాడే!” అని గదంతా అదిరేలా అరిచారు. నేను పరుగెత్తి బండి దగ్గరకు వెళ్లాను. ఆ కాగితాలన్నీ అప్పటికే బజ్జీలతో వెళ్లిపోయాయి. ఆ వ్యాసం వచ్చిన వారపత్రిక మూతపడి చాలా ఏళ్లయింది. మేస్టారి దగ్గరున్నది ఆ ఒక్క కత్తిరింపే.

ప్రొప్రయిటర్ నన్ను పని మానెయ్యమన్నారు. “ఆ ఒక్కటీ మళ్లీ రాసివ్వండి మేస్టారూ, మీకెంతలో పని?” అని కూడా అన్నారు. మేస్టారు ఒప్పుకోలేదు. అది అప్పుడు చూసి అప్పుడు రాసింది, ఇప్పుడు రాస్తే వేరేది అవుతుంది, దొరక్కపోతే వదిలేయండి అన్నారు.

ఆ వ్యాసంలో ఏముందో నాకు తెలుసు. విప్పేవాళ్లు ఒక్కో వరస చేతిలో పట్టుకుని, మాట చదివి, అక్షరాలు విడదీస్తారు. మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ల గురించి అది. సీజను చివరికి గొంతు పూర్తిగా పోయి, పిల్లల్ని చప్పట్లు కొట్టి పిలుచుకునే ఒక మనిషి గురించి. అది నా కథలాగే ఉంది కాబట్టి ఆ వరసల దగ్గర నా చెయ్యి ఆగింది. ఆమె పేరు మార్తమ్మ. ఊరు అద్దంకికి నాలుగు మైళ్లు. మేస్టారికి ఊరి పేరు గుర్తు లేదు. వినుకొండ వైపనుకున్నారు.

ప్రొప్రయిటర్‌ను మూడు రోజులు గడువు అడిగాను. ఒక పేపరును ఎవరు దాచుకుంటారు? అందులో ఎవరి పేరుందో వాళ్లే. అంతకు మించి నా దగ్గర ఆధారమేమీ లేదు. మర్నాడు తెల్లారే అద్దంకి బస్సెక్కాను.

పల్లెలో చర్చి వెనక ఇల్లు చూపించారు. నేను నోరు తెరిచి నాలుగు మాటలు అన్నానో లేదో మార్తమ్మ నవ్వింది.

“కల్లం గొంతేనా అక్కా నీదీ? కూర్చో.”

ఆమె గొంతు నాకంటే అధ్వానం. సంగతి చెప్పాక గోడవారనున్న రేకు ట్రంకుపెట్టె తెరిచింది. మూత లోపలివైపు వ్యాసం మొత్తం అంటించి ఉంది. పేపరు వచ్చిన రోజునే వాళ్లాయన మైదా ఉడకబెట్టి అతికించాడట. మా గోళ్లకు ఒక మూల కూడా లేవలేదు. నీళ్లతో తడిపి చూద్దామన్నాను.

“తడిపితే ఊరుకోను. నా పేరు అచ్చులో ఉన్నది ఇదొక్కటే.”

“చూసి రాయించుకుంటే సరిపోతుంది. మీ ఇంట్లో రాతొచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?”

“మా ఆయన పొగాకు బేరానికి పోయాడు, ఆదివారానికి గానీ రాడు. నీకు రాదా? ప్రెస్సులో పనన్నావుగా?”

“సీసం మీద ఉన్నదైతే చదువుతాను” అన్నాను. అది విని మార్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, లేచి సుత్తి తెచ్చింది. మూత బందులకున్న చువ్వలు తట్టి లాగేసింది. “నేనూ వస్తా. మూత నా ఒళ్లో ఉంటుంది. సాయంత్రం బస్సుకు మళ్లీ నా మూత నాకు కావాల” అంది.

బస్సులో కండక్టరు, “ఏమమ్మా, మూత ఎక్కింది, పెట్టె ఎక్కలేదే?” అన్నాడు.

“పెట్టె ఇంటికి కాపలా ఉంది లేవయ్యా, టిక్కెట్టు కొట్టు” అంది మార్తమ్మ.

కోటయ్యగారు ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. మూతను అక్షరాల అరకు ఆనించి నిలబెట్టి, అక్షరాలు పేర్చే స్టిక్కు తానే పట్టుకుని కూర్చారు. మార్తమ్మ స్టూలు మీద కూర్చుని, ఆయన వేలు కాగితానికి తగిలినప్పుడల్లా “పైపైన అయ్యగారూ, పైపైన” అని హెచ్చరించింది. మేస్టారు వచ్చి ఆమెతో చాలాసేపు మాట్లాడారు.

చివర్లో చిక్కు వచ్చింది. మూత అంచున తుప్పు తిని నాలుగు వరసలు పోయాయి. కోటయ్యగారు నావైపు తిరిగి, “విప్పింది నువ్వేగా రత్తమ్మా, వాటిల్లో ఏముంది?” అని అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. నీళ్లకుండ సంగతి ఏదో ఉన్నట్టు లీలగా గుర్తుంది. దానికి నాలుగు మాటలు అతికించి చెప్పగలను, కల్లంలో జరిగేవి నాకు తెలియనివా? చెబితే మేస్టారే సరేననేవారేమో. వ్యాసం నిండుగా వచ్చేది, నా తప్పు పూర్తిగా కప్పబడిపోయేది.

“కుండ అన్న మాట ఉంది. మిగతాది తెలియదండి” అన్నాను.

మేస్టారు, “కుండ నాకూ గుర్తుంది. అది చాలదు. చుక్కలు పెట్టు కోటయ్యా” అన్నారు. నాలుగు వరసల నిండా చుక్కలు వేసి, కింద చిన్న అక్షరాల్లో ‘ఈ భాగం దొరకలేదు’ అని కూర్చారు. పుస్తకం అలాగే వచ్చింది. మార్తమ్మ మూత తీసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. నన్ను పనిలో ఉంచారు.

ఆ తర్వాత ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చి సీసం పనే పోయేదాకా నేను అక్కడే చేశాను. అచ్చయిన కాగితం చేతిలో పెట్టందే, ఎవరు చెప్పినా, ఎంత తొందరైనా, ఒక్క తాడూ విప్పలేదు. గుర్తు లేనిదాన్ని గుర్తున్నట్టు చెప్పి ఖాళీ పూడ్చలేదు. నా కింద పనికి వచ్చిన వాళ్లకు మొదటి రోజున ఈ రెండే నేర్పాను.