కమోడ్‌లో పోసిన మందులు

మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాస్తాడు. రెండో రోజుకి జ్వరం తగ్గుతుంది, మూడో రోజు నుంచి మాత్ర మానేస్తాం. మిగిలినవి పారేయడానికి మనసొప్పదు, స్వీటు డబ్బాలో దాస్తాం. కొండాపూర్‌లో ఫ్లాటు కొనుక్కునేసరికి నాలుగు డబ్బాలు పోగయ్యాయి.

ఒక ఆదివారం నాకు ఇల్లు సర్దే పిచ్చి పట్టింది. చూస్తే మందులన్నిటికీ తేదీలు ఎప్పుడో దాటిపోయాయి. చెత్తలో వేస్తే కుక్కలు తింటాయేమోనని జాలిపడి, ఒక్కొక్కటీ ఒలిచి కమోడ్‌లో పోసి ఫ్లష్ నొక్కాను. మూగజీవాలను కాపాడానన్న గర్వంతో మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను కూడా.

మా సెల్లారులో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. దాన్ని నడిపేది నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మురుగును తినే బ్యాక్టీరియాను ఆయన పాడి గేదెల్లా సాకుతాడు. వాటికి బెల్లం, పేడ కలిపి పోస్తాడు. శుద్ధయిన నీళ్లను ఒక గాజు తొట్టిలో పట్టి చేపలు పెంచుతాడు. చేపలు ఈదుతుంటే నీళ్లు బాగున్నట్టు లెక్క.

బుధవారానికి లిఫ్టులోకి కంపు ఎక్కింది. శుక్రవారానికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మీటింగు పెట్టి, "ఈయన పట్టించుకోవట్లేదండీ, రేపటి నుంచి వేరే మనిషిని పెట్టుకుందాం" అన్నారు.

"నేనేం జేసిన సార్? నా బ్యాక్టీరియా సచ్చిపోయింది. మురుగొచ్చే పైపు జాలీకి గోలీలు తట్టుకున్నయ్. ఎవరన్న మందులు పోసిన్రా?" అన్నాడాయన.

నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడు. మళ్లీ లెక్కపెట్టినా మూడే. నా కళ్లముందే ఆయన ఉద్యోగం పోతోంది. చివరికి బళ్లో పిల్లలా చెయ్యెత్తాను.

"నేనే పోశానండీ. నాలుగు డబ్బాలు. జ్వరం తగ్గాక మానేసినవి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే మీరు సగంల ఇడ్సిపెట్టిన కోర్సు నా చేపలతోటి పూర్తి జేపిచ్చిన్రా అమ్మా!"

హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే ఇంకో చెయ్యి లేచింది, తర్వాత మరో రెండు. ఆఖరున ప్రెసిడెంటు గారిది, భుజం దాకా మాత్రమే. వేరే మనిషి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ప్లాంటు కోలుకోవడానికి నెల పట్టింది. సిగ్గుకొద్దీ రోజూ పేడ బకెట్టు నేనే మోశాను. కొత్త చేపలు వదిలిన రోజు తొట్టి ముందు గంటసేపు కదలకుండా నిలబడ్డాను.

"జర ఫికర్ చెయ్యకున్రమ్మా, బతుకుతయ్" అన్నాడాయన, నన్ను ఓదారుస్తూ. ఆయన్నే కదా మేం పంపించేయబోయింది! అక్కడే, ఆ సెల్లారులోనే, భోరుమన్నాను.