మీటరు మీది పేరు

భద్రాచలంలో మేము కిరాయికి ఉంటున్న ఇంటి కరెంటు బిల్లు మీద ఒక కోయ పెద్దాయన పేరు ఉండేది. నెలనెలా ఆ పేరు చూస్తూనే ఉన్నాను. ఇదివరకటి యజమాని కాబోలు, మార్పించుకోవడానికి మా ఓనరుకు బద్ధకం కాబోలు అనుకుని బిల్లు ఫ్రిజ్ మీద పడేసేదాన్ని. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్తాను. హక్కుల పాఠం మొదలుపెట్టానంటే బెల్లు కొట్టినా ఆపను. అంత నోరున్నదాన్ని, నా ఇంటి మీటరు మీద ఉన్నది ఎవరి పేరని అడగాలని రెండేళ్లు తోచలేదు.

ఆ పెద్దాయన సంత రోజున వచ్చేవాడు. పర్ణశాల దారిలో రోడ్డు దిగి అడవిలోకి కొంత నడిస్తే ఆయన ఊరు. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముకుని, తిరిగి బస్సెక్కే ముందు మా వరండా మెట్టు మీద కూర్చునేవాడు. పై అంతస్తులో ఉండే మా ఓనరు ఒక్కోసారి ఏదో కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకునేవాడు. నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయేవాడు పెద్దాయన. మా అమ్మ ఆయాసం చూసి ఒకసారి సీసాడు తేనె తెచ్చి ఇచ్చాడు. ఓనరు పొలంలో పనిచేసే మనిషి అనుకున్నాను. మీటరు మీది పేరు ఆయనదేనని తెలిసింది ఇల్లంతా చీకటి అయ్యాక.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సోమవారం పొద్దున కరెంటు వాళ్ల తనిఖీ జీపు వచ్చింది. ఓనరు స్తంభం నుంచి నేరుగా ఒక తీగ లాగి, మీటరుకు తెలియకుండా పైన ఏసీ, నీళ్ల మోటరు నడుపుతున్నాడట. ఆ తీగ తెంపడమే కాక, ఇంటి మొత్తానికి సరఫరా తీసేశారు. మా బిల్లు మేము వేళకు కడుతున్నామని చెప్పాను. ఆఫీసుకు రమ్మన్నారు. లోపల మంచం మీద అమ్మ, పక్కన ఆమె మందును ఆవిరిలా పీల్చుకునే మిషను. రోజుకు మూడుసార్లు అది నడవకపోతే ఆమెకు ఊపిరి ఆడదు.

కరెంటు ఆఫీసులో ఒక ఆఫీసరమ్మ నేను చెప్పిందంతా విన్నది. తప్పు చేసింది ఓనరైతే కిరాయిదారును చీకట్లో ఉంచే హక్కు ఎవరికీ లేదని, మేము వేరే మీటరు అడగవచ్చని చెప్పి, కిరాయి కాగితం ఉందా అన్నది. లేదన్నాను. మేము దిగినప్పుడే అడిగితే, "మనలో మనకు కాగితాలెందుకు చెల్లె" అన్నాడు ఓనరు. నేనూ అన్నా అని పిలిచి ఊరుకున్నాను.

"లేకున్నా సరే మేడం," అన్నది ఆమె. "పైన ఎవరుంటున్నరు, తీగ ఎవరు ఏసిండ్రు, ఉన్నది ఉన్నట్టు రాసియ్యండి. నేనే వచ్చి చూస్త. మూడు నాలుగు రోజులు పడతది."

మూడు నాలుగు రోజులు. సర్కారు దవాఖానాలో అలాంటి మిషను ఉంది. ఆటోలో వెళ్తే ఇంటి నుంచి పది నిమిషాలు. అమ్మను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసుకెళ్లి తీసుకురావచ్చు. అది అప్పుడే, ఆ ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడే నాకు తట్టింది. తట్టలేదని బొంకను.

ఇంటికొచ్చేసరికి ఓనరు వరండాలో కూర్చుని ఉన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, గిరిజనులు కాని బయటివాళ్లు జాగా కొనకూడదు. అందుకని ఈ ఊళ్లో కొన్ని ఇళ్లకు ఇద్దరు యజమానులుంటారు, కాగితం మీద ఒకరు, పెత్తనం చేసేది ఒకరు. కాగితం మనిషి మా వరండా మెట్టు మీద కూర్చునే పెద్దాయన. ఇంకొక కోయ మనిషి పేరు మీద కొత్త మీటరుకు మాట్లాడానని, రేపటికల్లా కరెంటు వస్తుందని అన్నాడు. పైన ఉండేది పెద్దాయనేనని, తీగ వేసింది కూడా ఆయనేనని రాసి ఉన్న కాగితం నా ముందు పెట్టాడు. కిరాయిదారుగా నేను సాక్షి సంతకం చేయాలట.

"పేరెట్లా ఆయనదే గదా చెల్లె. ఆయనను నేను చూసుకుంట," అన్నాడు.

లోపల అమ్మ దగ్గుతోంది. నేను సంతకం చేశాను. మర్నాడు మధ్యాహ్నానికి ఫ్యాను తిరిగింది. ఓనరు భార్య గిన్నెలో పాయసం పంపితే అది కూడా తిన్నాను. సిగ్గు లేకపోతే సరి.

పెద్దాయన తర్వాత సంతకు మా ఇంటికి రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. పేరు మారిపోయింది కదా, ఆయనతో ఓనరుకు ఇక పనేముంది? నేను ఒక్కసారి కూడా వాకబు చేయలేదు.

జూన్‌లో బడిబాటకు, అంటే పిల్లల్ని బడిలో చేర్చమని ఊళ్లు తిరిగే పనికి, నన్ను పర్ణశాల వైపు వేశారు. రెండో వాడలో పెద్దాయన ఇంటి ముందు నిలబడ్డాక గానీ అది ఆయన ఊరని గుర్తుపట్టలేదు. ఆయన మాత్రం నన్ను చూడగానే మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చాడు. దూలానికి బల్బు ఉంది. స్తంభం నుంచి రావాల్సిన తీగను చుట్టచుట్టి గోడ కొయ్యకు తగిలించారు. పట్నంలో ఆయన పేరు మీద దొంగ కరెంటు కేసు ఉందని, ఆ బాకీ తీరేదాకా ఆయన పేరున్న ఈ మీటరుకూ కరెంటు ఉండదని చెప్పి కరెంటు వాళ్లు తెంపిపోయారట.

"ఆ పైఅంతస్తు మెట్లు నేను ఒక్కనాడన్న ఎక్కిన్నా బిడ్డా?" అన్నాడు. "ఎవరో చూసినోళ్లే సంతకం పెట్టిండ్రట."

చెంబు కింద పెట్టాను. ఆ సంతకం నాదేనని చెప్పాను.

మర్నాడే కరెంటు ఆఫీసుకు వెళ్లి, నేను సంతకం చేసిన మొదటి కాగితం అబద్ధమని రాసిచ్చాను. ఆ ఆఫీసరమ్మ బదిలీ అయిపోయింది. కొత్తాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, విచారణ చేస్తామన్నాడు. ఇంకా చేయలేదు. నెలకోసారి వెళ్లి అడిగి వస్తున్నాను. పెద్దాయన ఇంట్లో బల్బు ఇంకా వెలగలేదు.

కానీ నాకు పదే పదే గుర్తొచ్చేది ఆ రోజు ఆయన వాకిలే. నా మాట విని ఆయన తిట్టలేదు. అడ్డాకులు సర్దుతున్న చేతులు ఆగాయి. తర్వాత మెల్లగా అడిగాడు.

"అమ్మ కోసమా బిడ్డా?"

"అవ్ పెద్దయ్యా," అన్నాను.

ఆయన తలూపి, నాకు మళ్లీ నీళ్లు పోశాడు. దవాఖానా మా ఇంటికి పది నిమిషాల దూరమేనని మాత్రం చెప్పలేకపోయాను.