లీలమ్మ గిటారుకు మిలిటరీ వాల్వులు

ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే జియావుల్లాకు ఒక జబ్బు ఉండేది. పని అయిపోయినా రేడియోకు వెనక అట్ట బిగించడు. లోపల వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే చూస్తూ కూచుంటాడు. రేడియో ఇచ్చిన మనిషి వాకిట్లో నిలబడి గొణుగుతున్నా లేవడు. ముప్పై దాటినా పెళ్లి మాట ఎత్తనివ్వడు. పులివెందులలో ఉండే తల్లి బిస్మిల్లా బీ, "వానికి ఆ గాజుబుడ్లతోనే నిఖా అయిపోయింది" అని పేటంతా చాటింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి నర్సు లీలమ్మ అతని అంగడికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో గిటారు. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే రకం అది. ఓడెక్కి తన దేశానికి వెళ్లిపోతూ ఒక దొరసాని ఆమెకిచ్చి పోయింది. లీలమ్మ నోరు తెరిచింది గానీ మాట వినపడలేదు. జియావుల్లా అంగట్లో మోగుతున్న రేడియోలన్నీ ఆపాల్సి వచ్చింది.

"దీని సద్దు పెద్దది చేయాల, అప్పా," అంది. గొంతు లేదు, ఊపిరి మాత్రమే ఉంది.

జమ్మలమడుగు చర్చిలో చాలా ఏళ్లు పాట ఎత్తింది ఆమే. మొదటి చరణం ఆమె పాడితే జనం అందుకునేవాళ్లు. కిందటేడు గొంతులో గడ్డ లేచింది. ప్రాణం నిలిచింది, స్వరం పోయింది. అప్పటినుంచి గిటారు మీదే పాట ఎత్తాలని చూస్తోంది. డోలకు, తాళాలు, అంతమంది గొంతులు... వాటి మధ్య ఆ తీగల చప్పుడు ఎవరికి వినపడుతుంది? కోత పండుగ దాకా చూస్తామనీ, ఆ తర్వాత పాట ఎత్తడానికి వేరే మనిషిని పెట్టుకుంటామనీ సంఘ పెద్దలు చెప్పేశారు. చెడ్డవాళ్లేం కాదు. పాట నడవాలి గదా.

జియావుల్లా సైన్యం వాళ్ల పాత హెడ్‌ఫోను విప్పి, అందులోని అయస్కాంతానికి వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టి గిటారు కింద బిగించాడు. రేడియోల్లో వేసే మామూలు వాల్వులతోనే యాంప్లిఫయరు కట్టాడు. అంతా సరిగానే ఉంది. లీలమ్మ కడ్డీని తీగ మీద జరిపి ఒక స్వరాన్ని పొడుగ్గా లాగింది. సద్దు పెంచేకొద్దీ ఆ స్వరం పాత గుడ్డలా పర్రున చినిగింది.

లీలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది నేను గాదు."

ఆ మూడు మాటలు అతన్ని నిద్రపోనివ్వలేదు. చిన్న వాల్వు మీద మోయలేనంత బరువు పెడితే అది అరుస్తుంది. బరువు తెలియని వాల్వు కావాలి. మద్రాసు మూర్ మార్కెట్లో, యుద్ధం అయిపోయాక అమ్మేసిన సైన్యం సామాన్ల కుప్పల్లో, వైర్‌లెస్ యంత్రాలకు వేసే వాల్వులు ఒకసారి చూశాడు. అరచేతి పొడుగు, నెత్తిన లోహపు బొడిపె. రైలెక్కి పోయాడు. అంత కుప్పలోనూ పగలనివి రెండే దొరికాయి.

పెళ్లిళ్లకు మైకుసెట్లు బాడుగకిచ్చే అమీర్ బాషా అతనికి పని నేర్పిన ఉస్తాదు. వాటిని చూసి నవ్వాడు.

"ఏందిరా ఇది, నెత్తిన కొమ్ముంది? ముట్టుకుంటే పొడుస్తాదా?"

"పొడుస్తాది ఉస్తాద్. ఆ బొడిపె మీద నాలుగొందల వోల్టులు ఉంటాయి."

"మంచిది. మా మైకుసెట్టులో వాల్వు పోతే కడపకు పోయి ఇంకోటి తెచ్చి గుచ్చుతా. నీదొకటి పోతే యాడ తెస్తావు? మళ్లా యుద్ధం పెట్టిస్తావా?"

జియావుల్లా ట్రాన్స్‌ఫార్మరు చుట్టుకుంటూ కూచున్నాడు. మిలిటరీ వాల్వు ఆకలికి మామూలు ట్రాన్స్‌ఫార్మరు చాలదు. చుట్టిన చుట్టు విప్పి మళ్లీ చుట్టాడు. శ్రావణం, భాద్రపదం దానికే పోయాయి.

లీలమ్మ మళ్లీ వచ్చిన రోజు అమీర్ బాషా కూడా అంగట్లోనే ఉన్నాడు. వేళాకోళానికే వచ్చాడు. జియావుల్లా మీట వేశాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చుట్టూ, గాజుకు లోపలివైపు, పల్చని నీలం పొర మెరిసింది.

"గాలి సొరబడిందిరా," అన్నాడు అమీర్ బాషా. "సచ్చిపోయిన వాల్వులు తెచ్చినావు. పారేయి."

"వాయించు అక్కా," అన్నాడు జియావుల్లా.

ఆమె వాయించింది. స్వరం చినగలేదు. నిండుగా లేచి, అంగడి దాటి, వీధిలో పోతున్న బండివాడు ఎద్దుల్ని ఆపేదాకా పోయింది. అది గొప్పే. అంతకంటే గొప్పది గాజులో జరిగింది. స్వరం లేస్తే ఆ నీలం లేచింది. ఆమె కడ్డీని వణికిస్తే వణికింది. స్వరం సన్నగిల్లి ఆగిపోతుంటే నీలం కూడా గాజుమీదికి వాలి నిలకడగా నిలిచిపోయింది. పాటకు రంగుంటుందని ఆ అంగట్లో ఎవరికీ తెలియదు. అమీర్ బాషా బీడీ వేళ్ల మధ్య కాలి చురుక్కుమనేదాకా కదల్లేదు.

"యా అల్లా," అన్నాడు. తర్వాత ఉస్తాదుగిరీ గుర్తొచ్చి, "దీనికి జల్లెడ మూత పెట్టు. తెరిచి పెట్టొద్దు," అన్నాడు.

జియావుల్లా మూత చేశాడు. కానీ కోత పండుగనాడు జమ్మలమడుగు చర్చిలో దాన్ని బిగించలేదు. తను చూసింది అందరూ చూడాలనుకున్నాడు. రేడియోకు అట్ట బిగించని మనిషి దీనికి బిగిస్తాడా? ఇంత తెలివైనవాడు అంత తెలివితక్కువ పని చేశాడంటే అది ఒట్టి ఆశే.

చర్చి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, చాపాడు నుంచి తెచ్చిన వరి పనలు. గుమ్మంలో సంఘ పెద్దగారి తల్లి కృష్ణమ్మ పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్లందరిమీదా చల్లడం ఆమె పని. మనుషుల మీద అయ్యాక డోలకు మీద చల్లింది, తాళాల మీద చల్లింది. పండుగనాడు వాద్యాలకూ మర్యాద చేయాలి. ఆమె ఎప్పుడూ చేసేదే. వేడెక్కి నిలిచిన యాంప్లిఫయరు దగ్గరికొచ్చి, "కొత్త బిడ్డవు, నువ్వెందుకు తక్కువ కావాల నాయనా," అంటూ బుడ్డి ఊపింది.

టప్‌మని గాజు చిట్లింది.

జియావుల్లా మీట మీద పడ్డాడు. ఒక వాల్వు నెత్తిన వెండిలా ఉండే మచ్చ చూస్తుండగానే సున్నంలా తెల్లబడింది. గాలి చొరబడితే జరిగేది అదే. నాలుగు వందల వోల్టులు ఆ ముసలామె చేతికి తగలనందుకు అతను ముందు దేవునికి దండం పెట్టుకున్నాడు. తర్వాత వంగి రెండో వాల్వును చూశాడు, అది చిట్లలేదు.

"నేనేం చేసినానప్పా?" కృష్ణమ్మ బుడ్డిని గుండెకు అదుముకుంది.

"నువ్వేం చేయలేదవ్వా. మూత నాది. పెట్టనోన్ని నేను."

లీలమ్మ గిటారు ఒళ్లో పెట్టుకుని అతని ముఖమే చూస్తోంది. ఏడవలేదు. పెద్దలు కూచున్న బెంచీ వైపు ఒకసారి చూసింది. అంతే.

ఒక్క వాల్వుతో నడపొచ్చు. కానీ ఇద్దరు మోసే దూలం ఒక్కడి భుజాన పడితే ఎంతసేపు నిలబడతాడు? కరెంటును అదుపులో పెట్టడానికి రెండు వాల్వుల లెక్కకు వేసిన రెసిస్టరు తీసి పెద్దది వేస్తే, మిగిలిన వాల్వు మీది భారం తగ్గుతుంది. అలాంటిది జేబులో డబ్బీలో ఉంది. అతికించడానికి నిప్పు కావాలి. ప్రసంగం చెప్పబోతున్న ఉపదేశి పేతురు దగ్గరికి పోయాడు.

"అయ్యా, ప్రసంగం కొంచెం సాగదీయాల."

"నాకు వచ్చిందే అది గదప్పా," అన్నాడు పేతురు. "పొట్టిగా చెప్పమని అడిగినోళ్లే గానీ, ఇట్ల అడిగినోడివి నువ్వే. పో, పో."

చర్చి వెనక ప్రేమవిందుకు వంట జరుగుతోంది. వంకాయ కూర ఉడుకుతున్న పొయ్యిలో జియావుల్లా సీసంతో అతుకులేసే రాగి కడ్డీ దూర్చాడు.

"ఓయ్, కూరలో కడ్డీ పెడతాండావా?" అంది గరిటె తిప్పుతున్న వనజమ్మ.

"కూర జోలికి పోను, నిప్పే కావాలక్కా."

కడ్డీ ఎర్రబడగానే పట్టుకుని పరిగెత్తాడు. పేతురు ఆదాము దగ్గర మొదలుపెట్టి నోవహు ఓడ దాకా వచ్చి, ఓడలోకి ఎక్కిన జంతువుల పేర్లన్నీ చెబుతున్నాడు. సీసం కరిగి అంటుకుంది. చచ్చిన వాల్వును రుమాలుతో పెరికి పక్కన పెట్టాడు. ఈసారి జల్లెడ మూత బిగించి మీట వేశాడు.

లీలమ్మ మొదటి స్వరం లాగింది.

అది అంగట్లో విన్న సద్దు కాదు. సగమే ఉంది. అడుగున సన్నని జీర కూడా ఉంది. డోలకు వాయించే ఆనందయ్య ఆ స్వరం కోసం చెవి వంచి, చేయి ఎత్తి అట్లే ఆపాడు. తాళాలు ఆగాయి. వెనక వరసలో పిల్లను ఊరుకోబెడుతున్న తల్లి కూడా ఊరుకుంది. అంతమంది ఊపిరి బిగబట్టిన ఆ మౌనంలోకి, ఊపిరీ ఉక్కూ కలిసినట్టున్న గొంతొకటి పాట ఎత్తింది. పై స్వరానికి ఎక్కే మెట్టు దగ్గర తడబడి, సర్దుకుని, పైకి పోయింది. చాలా ఏళ్లు ఆ చర్చి విన్న గొంతు అది. కొంచెం బొంగురు పోయింది, అంతే. జల్లెడ సందుల్లోంచి ఒంటరి నీలం లేస్తూ వాలుతూ ఉంది.

"లీలమ్మే పాడతాంది," అంది కృష్ణమ్మ గట్టిగా. ఎవరూ ఆమెను కసురుకోలేదు.

చరణం అయింది. ఆమె కడ్డీ ఎత్తింది. అప్పుడు జనం అందుకున్నారు, డోలకు అందుకుంది. ఆమె మళ్లీ కడ్డీ ఆనిస్తే, ఎవరూ సైగ చేయకుండానే అంతా తగ్గారు, వినడానికి. పెద్దల బెంచీలో చివర కూచున్న ముసలాయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు. వేరే మనిషి మాట ఆ పూటా రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

గోడకు ఆనుకుని నిలబడ్డ జియావుల్లాకు ఆ పాటలో ఒక్క మాటా రాదు. చేయి మాత్రం తనకు తెలియకుండానే టోపీ మీదికి పోయి, దాన్ని సరిగ్గా సర్దింది, నమాజుకు నిలబడబోయే మనిషికి మల్లే.